తలల లెక్క, అడుగుల లెక్క

1901 జనాభా లెక్కలనాటికి బస్తరు సంస్థానపు వైశాల్యము 13,062 చదరపు మైళ్లు. అందు నివసించు ప్రజలు 3,06,501 మంది. అనగా చదరపు మైలునకు 23 ప్రాణములు. రాయపూరులోనో నాగపూరులోనో బల్లముందు కూర్చుండి ఈ అంకెలను చూచిన ఉద్యోగికి, మన గోదావరి డెల్టాలో ఒకటి రెండు తాలూకాల జనమునకు మించని ఈ ప్రజకు నలుగురైదుగురు వైద్యులును, పదిమంది కాంపౌండర్లును చాలుదురని తోచుట సహజము. కాని శబరీతీరమున కుంటనుండి బయలుదేరి జగదల్‌పూర్ చేరి, అచటినుండి కేశకాల్ కనుమవరకు కాలినడకను పోయి చూచినవాడు మాత్రము ఆ లెక్కను అంగీకరింపడు. వాని లెక్క తలలది కాదు, అడుగులది. బస్తరులో సర్కారు వైద్యము నూరేండ్లకు పైగా ఈ రెండు లెక్కల నడుమ నలిగినది. ధనమెల్ల మొదటి లెక్కననుసరించి మంజూరగుచు వచ్చెను, శ్రమయెల్ల రెండవ లెక్కననుసరించి జరుగుచు వచ్చెను. ఆ శ్రమ చేసినవారు దాదాపు ఎల్లప్పుడును జీతపు పట్టికలో అట్టడుగుననున్నవారే.

తెలుగువారికి బస్తరు పరాయిదేశము కాదు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ ప్రాంతమునకు పోయి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము; దక్షిణమున కుంట, భోపాలపట్నము ప్రాంతములయందు తెలుగు నేటికిని వాడుకలోనున్నది. ఆంగ్లేయులు బస్తరును గురించి వ్రాసిన తొలి సమగ్ర నివేదికలలో ఒకటియగు 1862 నాటి గ్లాస్‌ఫర్డు నివేదిక సైతము ఎగువ గోదావరి జిల్లా డిప్యూటీ కమిషనరు వ్రాసినదే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము ప్రాణహిత యొడ్డున తెలుగు మాటలాడు సిరొంచ. కావున ఈ కథలో భద్రాచలము, విశాఖపట్నము తారసపడుటలో వింత లేదు.

సర్కారు వైద్యుడు రాకపూర్వము ఆ అడవిపల్లెలలో వైద్యము లేకపోలేదు. సిరహాకు దేవత పూనును. గునియా మూలికయు మంత్రమును ఎరిగినవాడు. దక్షిణమున కోయపల్లెలలో ఆ పనిని వడ్డె చేయును. మశూచిని మన పల్లెలవలెనే అచటివారును అమ్మవారి రాకగానే ఎంచి, మాతగుడిలో మొక్కులు చెల్లించిరి. వీరి చికిత్స ఎంతవరకు ఫలించెననునది వేఱు ప్రశ్న. మశూచికిని చలిజ్వరమునకును మంత్రము పనిచేయదని చెప్పుటకు నాకు సంకోచము లేదు. కాని ఉద్యోగనియామకములను పరిశీలించువాని దృష్టితో చూచితిమేని, ఆ పాత ఏర్పాటునందొక విశేషము కానవచ్చును. పిలిచిన కేక వినబడునంత దూరములో ఒకడుండెను. వానికిచ్చునది ఒక కోడి, కొంత ఇప్పసారా. ఆ కొలువునకు ఖాళీ యనునది లేదు, బదిలీ యనునది అసలే లేదు. తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమును ఈ మూడు గుణములను ఒక్కచోట చేర్చలేకపోయెను.

ఆంగ్లేయాధికారపు నీడలో సాగిన దివానుల పాలనయందు రోడ్లును, బడులును, రిజర్వు అడవులును, ఠాణాలును ఒక్కుమ్మడిగా వచ్చిపడెను. వీనిలో ప్రజకు మేలు చేయదగినవి కొన్ని లేకపోలేదు. అయితే అధికారి మకాము కదలినప్పుడెల్ల ఆ దారిలోని పల్లెలు వాని సామాను మోయవలెను, కూలి లేదు. బియ్యము, కోళ్లు, నేయి సమకూర్చవలెను, ధర వారు చెప్పినది. ఈ బేగారివలన సర్కారు మనిషి యన్న ప్రతివానిని, వాడు పన్ను వసూలు చేయువాడైనను సరే, టీకా వేయువాడైనను సరే, ఒక్క కంటితోనే చూచుట పల్లెవారికి అలవాటాయెను. పండా బైజనాథ్ దివానుగిరి చివరి దినములలో, 1910 ఫిబ్రవరిలో చెలరేగిన భూమ్‌కాల్ తిరుగుబాటున ఠాణాలతోపాటు బడులును తగులబడుట చూచి ఆశ్చర్యపడినవారుండిరి. బడి కట్టించిన చేతులు ఎవరివి, దానికి కూలి ముట్టెనా యని అడిగినచో ఆ ఆశ్చర్యము తగ్గియుండెడిది. ఖజానానుండి రావలసిన వ్యయమును ప్రజల వీపులపై మోపి నడపిన ఏ సేవయైనను సేవగా కనబడదు.

భూమ్‌కాల్ అనంతరము పాలకులు కొంత జాగ్రత్త నేర్చిరి. 1927 మొదలు 1931 వరకు బస్తరు పాలనాధికారిగానుండి, మాడియా గోండులను గురించి 1938లో గ్రంథము ప్రకటించిన గ్రిగ్సనువంటివాడు కొండలెక్కి పల్లెపల్లె తిరిగెను. ఇతడే తరువాత నిజాము కొలువులో రెవెన్యూ వ్యవహారములు చూచినవాడు. అప్పటికి గద్దెపైనున్నది మహారాణి ప్రఫుల్లకుమారీదేవి. ఆమె 1922లో బాల్యమునందే సింహాసనమెక్కి, 1936లో లండను నగరమున అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేయించుకొని, అచటనే కన్నుమూసెను. ఆ మరణమును గురించి బస్తరులో నానావిధములగు అనుమానములు వ్యాపించెను. వానితో మనకు పని లేదు. తన రాజధానిలో ఆ చికిత్స పొందజాలని రాణి పేరిట జగదల్‌పూర్‌లో మహారాణీ ఆసుపత్రి నిలిచెను. తరువాత ఎన్నో దశాబ్దములు ఆ సువిశాల భూభాగమంతటికి పెద్దాసుపత్రి యన్నచో అదియే. సంస్థానము వైద్యముపై వెచ్చించిన సొమ్ము పట్టణమున కేంద్రీకృతమగుట నాటనుండియే స్థిరపడినది; భవనము పట్టణములో, రోగి అడవిలో.

1948 జనవరిలో సంస్థానము మధ్యపరగణాలలో విలీనమైనప్పుడు, పొరుగుననున్న కాంకేరుతో కలిపి ఏర్పడిన బస్తరు జిల్లా సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు, అనగా కేరళ రాష్ట్రముకంటె పెద్దది. ఈ జిల్లా పుట్టుటకు కొంచెము ముందే, 1946లో, దేశపు ఆరోగ్యవ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ తన నివేదిక సమర్పించియుండెను. నలుబదివేల జనమునకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, అందిద్దరు వైద్యులు అను సూత్రము దానినుండి వచ్చినదే. నాడు దేశమంతటికి రిజిస్టరైన వైద్యులు 47,500 మంది. వారిలో సుమారు ముప్పదివేలమంది లైసెన్సియేట్లు, అనగా మన పెద్దలెరిగిన ఎల్.ఎం.పి. డాక్టర్లు. పల్లెటూళ్లలో బల్లకట్టు దాటి, ఎద్దుబండిపై వచ్చి చూచిన వైద్యులు చాలవరకు వీరే. కమిటీలోని అధికసంఖ్యాకులు ఇకముందు ఒక్క రకపు వైద్యుడే, పట్టభద్రుడే, ఉండవలెనని తీర్మానించిరి. ఆరుగురు సభ్యులు మాత్రము లైసెన్సియేటు విద్యను ఇంకను కొంతకాలము సాగింపవలెనని విభేదించిరి. ఆ ఆరుగురి మాట వీగిపోయెను. సూత్రరీత్యా అధికసంఖ్యాకుల వాదము గొప్పది: పేదవానికి తక్కువ చదువుకున్న వైద్యుడేల? అయితే బస్తరు వంటి సీమకు దీని ఫలితము తక్కువ చదివినవాడును రాకపోవుటయే. ఈ చర్చ అర్ధశతాబ్ది గడచిన పిదప అదే నేలపై మరల లేచినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజాభివృద్ధి పథకము వెంట బ్లాకునకొకటి చొప్పున ఆరోగ్య కేంద్రములు వచ్చెను. కాలక్రమమున గిరిజన ప్రాంతములకు ప్రత్యేకముగా కొలతలు సడలించిరి: మైదానములలో 30,000 మందికొక ప్రాథమిక కేంద్రమైనచో కొండసీమలలో 20,000 మందికి, మైదానములలో 5,000 మందికొక ఉపకేంద్రమైనచో ఇచట 3,000 మందికి. ఇది దయతో చేసిన సడలింపే. కాని ఈ సడలింపులోను కొలబద్ద తలయే. నారాయణపూర్‌కు ఆవలనున్న అబూజ్‌మాడ్‌ను తీసికొందము. సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల కొండలు. అందు ముప్పదివేలకు అటునిటుగా ప్రజలు. సూత్రము ప్రకారము వారికి చెందవలసినది ఒకటి, మహా యైనచో రెండు ప్రాథమిక కేంద్రములు, పది ఉపకేంద్రములు. అనగా ఉపకేంద్రపు నర్సమ్మయగు ఒక్కొక్క ఏఎన్‌ఎంకు నాలుగువందల చదరపు కిలోమీటర్ల కొండ! ఆమె భుజమున వేలాడు టీకా పెట్టెలో నాలుగు మంచుపలకలు పట్టును. ఆ మంచు కరుగకముందే ఆమె వాగులు దాటి పల్లె చేరవలెను, చేరునప్పటికి పిల్లలతో తల్లులు పోడుచేనికి పోకుండ ఇంటనుండవలెను, విప్పిన సీసాలోని మందు వ్యర్థము కాకుండునంతమంది పిల్లలు ఆ పల్లెలో నుండవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను నెలసరి నివేదికలో ఆమె లక్ష్యము నెరవేరలేదనియే నమోదగును. ఆమె నడచిన మైళ్లకు ఆ ఫారములో గడి లేదు.

తిరుగు దళములతో సాగిన ఉద్యమములు ఇంతకంటె త్వరగా ఫలించెను. యాస్ అను వ్యాధి కలదు; అడవిపల్లెలలో పిల్లల కాళ్లపై ఎఱ్ఱని కాయలవంటి పుండ్లుగా మొలచి, ఉపేక్షించినచో ఎముకలవరకు పోయి వంకర చేయును; మురికికిని పేదరికమునకును తోడుబోయినది. దీనికి విరుగుడు ఒక్క పెన్సిలిన్ సూది. 1952లో ప్రపంచారోగ్య సంస్థ, యునిసెఫ్‌ల సాయముతో బయలుదేరిన దళములు మధ్యప్రదేశము, ఒరిస్సా, మన గోదావరి అడవులు మొదలగు తావులందు పల్లెలను జల్లెడపట్టి సూదులు వేసిరి. వ్యాధి తగ్గెను, తగ్గుటయే తడవుగా దళములు రద్దాయెను, మిగిలిన కొద్దిపాటి కేసులను చూడవలసిన స్థిరోద్యోగి అచట లేకుండెను. కాగా 1996లో కోరాపుట్‌తో మొదలిడి ఆ పనిని మరల చేయవలసివచ్చినది. 2003 తరువాత దేశమున కొత్త కేసు కానరాలేదు. 2016లో ప్రపంచారోగ్య సంస్థ భారతదేశమును యాస్ లేని దేశముగా ధ్రువీకరించెను. ఒక్క సూదితో మానెడు వ్యాధికి అర్ధశతాబ్దికి మించి పట్టినదన్నచో ఆ ఆలస్యము మందుది కాదు.

మలేరియా కథయు ఆ తీరుననే నడచినది, ఇంకను విషాదముగా. 1953లో నియంత్రణ, 1958లో నిర్మూలన అను పేర్లతో డీడీటీ చల్లించిరి. దేశమున 1965 నాటికి లక్షకు దిగిన కేసులు 1976లో 64 లక్షలకెగసెను. బస్తరు కొండవాగులలో పెరుగు ఫ్లూవియాటిలిస్ దోమ అడవినంటియున్న పల్లెను విడువలేదు. పండుగకు గోడలు మట్టితో మెత్తుకొన్న ఇంట చల్లిన మందు ఆ మట్టిక్రింద పూడిపోయెను.

ఇక ధనము వచ్చిన దారి చూతము. 1958లో కేంద్ర ప్రభుత్వము దండకారణ్య సంస్థను నెలకొల్పి, తూర్పు పాకిస్తాను కాందిశీకులను పరల్‌కోట్, కొండగావ్, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి మండలములలో కుదుర్చ పూనినప్పుడు, వారివెంట రోడ్లును ఆసుపత్రులును వచ్చెను. 1968లో బైలదిలా ఇనుపగని పనిచేయనారంభించెను. విశాఖ రేవునుండి జపానుకు పోవు ఆ ఖనిజముకొరకు కొత్తవలసనుండి కిరందుల్‌కు రైలుమార్గము వేసిరి. గనుల సంస్థ తన ఉద్యోగులకు ఆసుపత్రి కట్టుకొనెను. ఉత్తరాంధ్రనుండి వచ్చి కిరందుల్, బచేలి పట్టణములలో స్థిరపడిన మనవారెందరికో ఆ ఆసుపత్రియు, దానికి లొంగని జబ్బైనచో రైలెక్కి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రియు అలవాటైన దారులు. కాందిశీకులకుగాని కార్మికులకుగాని వైద్యము కూడదని ఎవరనగలరు? కాని వైద్యుని జీతమునకు సొమ్ము లేదన్న మాట ఆ సీమలో ఎన్నడును పూర్తిగా నిజము కాదనుటకు ఈ రెండును సాక్ష్యము. ప్రయోజనము కలదనిపించినచోట సొమ్ము దొరకినది. ఇక దారి లేని పల్లెకు దొరకినది 1977 నాటి ఆరోగ్య కార్యకర్త. వాని నెలసరి గౌరవవేతనము 50 రూపాయలు, మందులపెట్టెకు మఱి 50 రూపాయలు.

1998లో ఆ మహాజిల్లాను బస్తరు, కాంకేర్, దంతెవాడ అని మూడు చేసిరి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము పుట్టెను. 2007లో బీజాపూర్, నారాయణపూర్, 2012లో సుక్మా, కొండగావ్ కొత్త జిల్లాలాయెను. జిల్లా ఏర్పడినంత సులభముగా జిల్లా ఆసుపత్రికి మత్తువైద్యుడు దొరకడు. కొత్త రాష్ట్రమునకు వారసత్వముగా వచ్చిన పాత వైద్యకళాశాల రాయపూరుదొక్కటే. అందు చదివినవాడు మూడువందల కిలోమీటర్ల దక్షిణమునకు పోయి స్థిరపడునని ఆశించుట వృథాయని గ్రహించిన ప్రభుత్వము, 2001లో మూడేండ్ల వైద్యవిద్యను నెలకొల్పుటకు చట్టము చేసెను. పాత ఎల్.ఎం.పి. వాదము తిరిగి లేచినది. వైద్యసంఘము ఎదిరించెను, కోర్టు వ్యాజ్యములు నడచెను, చదువు పేరు మార్చిరి, విద్యార్థులు ఆందోళన చేసిరి, తుదకు 2008 నాటికి ఆ విద్యయే మూతబడెను. అయినను అప్పటికి చదివి బయటపడినవారిని గ్రామీణ వైద్య సహాయకులను పేర ఆరోగ్య కేంద్రములకు పంపిరి. ఎంబీబీఎస్ వైద్యుడు అడుగిడని అనేక కేంద్రములలో తలుపు తీసినవారు వీరు. 2010లో నిపుణులు వీరి పనితనమును ప్రాథమిక కేంద్రముల ఎంబీబీఎస్ వైద్యులతో పోల్చి చూచి, సాధారణవ్యాధుల చికిత్సలో వీరు తీసిపోరని తేల్చిరి. తేలునప్పటికి ఆ విద్యను నేర్పు కళాశాల ఒక్కటియు లేదు! మన ప్రభుత్వములు ప్రయోగమును ముగించిన పిదప ఫలితము చదువుట కొత్త కాదు గాని, ఇంత చక్కని ఉదాహరణము అరుదు.

2006లో జగదల్‌పూర్‌కు వైద్యకళాశాల వచ్చెను. తరువాత కొన్ని యేండ్లకు గ్రామీణ వైద్యదళమను పథకము క్రింద కేంద్రములను కష్టమైనవి, మిక్కిలి కష్టమైనవి అని తరగతులుగా విభజించి, ఆయా తరగతిననుసరించి వైద్యులకు, నర్సులకు అదనపు భత్యమిచ్చిరి. దూరమునకు వెల గట్టిన ఏర్పాట్లలో నాకు తెలిసినంతలో ఇది చెప్పుకోదగినది.

కాని తలను విడిచి ఊరినే కొలబద్దగా పట్టినది 2002లో మొదలైన, మితానిన్ అను మహిళా ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమము. టి. సుందరరామన్ నాయకత్వమున రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రము దీనిని తీర్చిదిద్దినది. 2005లో దేశమంతట వచ్చిన ఆశా కార్యకర్తను వేయి జనమునకొకతె చొప్పున లెక్కించిరి. మితానిన్‌ను మాత్రము పారాకు, అనగా గూడెమునకు, ఒకతె చొప్పున ఎన్నుకొనిరి. ఆ గూడెమున ఇరువది ఇండ్లే యున్నను ఆమె ఉండును. ఎన్నుకొన్నది గూడెము; ఒప్పుకొన్నది పంచాయతి. రాష్ట్రమున ఇట్టివారు సుమారు 60,000 మంది యైరి. చదువు రానివారును కలరు. వారికి బొమ్మలతో కూడిన పుస్తకములు చేసి నేర్పిరి. పాత సిరహావలె ఈమెయు కేక వినబడు దూరములోనే యుండును, బదిలీ లేదు. మొదటి యేండ్లలో జీతమును లేదు. పనినిబట్టి ప్రోత్సాహకపు సొమ్ము తరువాత వచ్చినది.

ఇంతలో 2005లో, మావోయిస్టులకెదురుగా ప్రభుత్వపు అండతో సాగిన సల్వాజుడుం వచ్చిపడినది. మావోయిస్టులకును ప్రభుత్వదళములకును నడుమ దక్షిణబస్తరు రణభూమి యయ్యెను. పల్లెవారు కొందరు రోడ్డుప్రక్క శిబిరములకు, కొందరు అడవిలోనికి, వేలమంది సరిహద్దు దాటి ఖమ్మము జిల్లాకు చెదరిరి. 2006 నుండి ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను అంతర్జాతీయ సంస్థవారు ఇటు బస్తరులోను, అటు ఖమ్మములోను సంచారవైద్యము నడపిరి. కుంట, చింతల్నార్ వైపు రోగికి జగదల్‌పూర్‌కంటె భద్రాచలము ఎంతో దగ్గర. అచటి సర్కారు ఆసుపత్రిలో కాన్పునకు, మలేరియాకు, పాముకాటునకు వచ్చు ఆవలియొడ్డువారు నిత్యము కానవత్తురు. ఇటువారు వారిని త్రోసిపుచ్చలేదు. అది మనవారికి గౌరవమే. అయితే ఒక రాష్ట్రపు రోగి మరియొక రాష్ట్రపు పద్దులో చేరడు. వానికి వాడిన మందు భద్రాచలపు జనాభా లెక్కనుబట్టి వచ్చినదే.

2015 నాటి గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజనిధులు ఏర్పడుట ఇచట పెద్ద మలుపు. బైలదిలా ఇనుము యాబదియేండ్లుగా విశాఖకు పోవుచుండగా, దాని రాబడిలో ఒక భాగము ఆ నేలపైననే ఖర్చుపెట్టవలెనను నియమము అప్పుడు గాని రాలేదు. ఆ నిధితో బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి ఎక్కువ జీతమిచ్చి నిపుణులను రప్పించిరి. శస్త్రచికిత్స గది వెలిగెను. 2019లో వారపు సంతలకు వైద్యబృందములను పంపు పథకమును మొదలిడిరి. సంతకు ఉప్పు, ఎండుచేప కొనవచ్చినవాడు అక్కడనే రక్తపుపోటు చూపించుకొని పోవును. నడచువాడు ఎటు నడచునో కనిపెట్టి అచట కుర్చీ వేయుట అనునది ఇంత ఆలస్యముగా తట్టవలసిన ఆలోచన కాదు.

2020 జనవరిలో ‘మలేరియాముక్త బస్తరు’ అను ఉద్యమము ఆరంభమాయెను. జ్వరమున్నవానినే పరీక్షించు పాతపద్ధతి విడిచి, ఆరోగ్యముగా కనబడువానితో సహా ప్రతి ఇంట ప్రతి మనిషిని పరీక్షించిరి. వేలికొన సూదితో పొడిచి, ఒక్క బొట్టు రక్తమును చిన్న ప్లాస్టిక్ పట్టీపైనుంచి, మందునీటి చుక్కలు వేసి, పావుగంటకు పైగా కాచుకొన్నచో గీత కనబడును. మందు పొట్లములు వయస్సునుబట్టి రంగురంగులవి: పసికందుకు గులాబిరంగు, తరువాతివారికి పసుపు, ఆకుపచ్చ, ఎఱుపు, పెద్దలకు తెలుపు, అక్షరము రాని చేతికిని పొరపాటు రాకుండ చేసిన ఏర్పాటు. మొదటి మోతాదును ఏదైన తినిపించి కళ్లయెదుటనే మ్రింగించిరి. తక్కినవి మ్రింగిరో లేదో తెలిసికొనుటకు ఖాళీ పొట్లములను మితానిన్‌లు ఇంటింట తిరిగి ప్రోగుచేసిరి. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షింపగా 64 వేలకు పైగా రోగగ్రస్తులు తేలిరి. వారిలో సగముకంటె ఎక్కువమందికి జ్వరమే లేదు. ఆస్పత్రికి వచ్చినవానినే లెక్కపెట్టు పద్ధతిలో వీరెవ్వరును ఏనాడును లెక్కకు వచ్చియుండరు.

ఈ ఉద్యమమునే తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని ఇతర జిల్లాలకు విస్తరించిరి. అయితే అందు ఇంటింట తిరిగిన మితానిన్ సర్కారు ఉద్యోగి కాదు. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీయెన్ని యని రాయపూరులో పట్టిక వేయునప్పుడు ఆమె ఆ మూడు గళ్లలో ఏ గడిలోను ఉండదు; ఆమెకు చిరకాలము ముట్టినది చేసిన ఒక్కొక్క పనికి లెక్కగట్టి యిచ్చు ప్రోత్సాహకము.